‘ఆడదై ఉండి ఇంత పనా?’: పాఠకుల ప్రశ్నలు, న్యాయవాది జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం స్త్రీలు, నేరాలు అనే విషయం మీదనే ఉన్నందున మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

పేపరు తెరిస్తే చాలు, ‘ప్రియుడితో కలిసి భర్తను హతమార్చిన భార్య’ అనే వార్త కనిపిస్తోంది. చదువులు, ఉద్యోగాలు, సెల్‌ఫోన్లు వచ్చాక ఆడవాళ్లలో నేరస్వభావం పెరిగిపోయిందని ఉదయం నాతో నడకకు వచ్చే మిత్రులందరూ ఏకగ్రీవంగా తేల్చేశారు. నాకు మాత్రం అనుమానంగానే ఉంది. నిజం ఏమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, మీ అనుమానమే సబబైనది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రకటించే జైళ్ల లెక్కలను మీ మిత్రుల ముందు పెట్టండి. 2015 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 4,19,623 మంది ఉండగా వారిలో స్త్రీలు 17,834 మంది, అంటే నూటికి 4.3 మంది. 2022 చివరికి మొత్తం ఖైదీలు 5,73,220 మంది అయ్యారు, వారిలో స్త్రీలు 23,772 మంది, అంటే నూటికి 4.1 మంది. స్త్రీల సంఖ్య ఈ ఏడేళ్లలో మూడో వంతు పెరిగిన మాట వాస్తవమే గాని, మగ ఖైదీల సంఖ్య అంతకంటె వేగంగా పెరగడంతో స్త్రీల వాటా ఒక పిసరు తగ్గింది. జైళ్ల లెక్క నేరాల లెక్క కాదని, పట్టుబడినవారిని, బెయిలు దొరకనివారిని మాత్రమే అది చూపుతుందని ఎవరైనా అభ్యంతరం చెబితే ఒప్పుకోవలసిందే. అయినా ‘పెరిగిపోయింది’ అనేవారు చూపించడానికి ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

మరి పేపరులో ఎందుకలా కనిపిస్తోందంటారా? ‘అనుమానంతో భార్యను నరికిన భర్త’ అనే వార్త జిల్లా పేజీలో ఒక మూల నాలుగు వాక్యాలతో ముగిసిపోతుంది, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. అదే పని భార్య చేస్తే మొదటి పేజీలో ఫొటోతో వస్తుంది, టీవీలో వారం రోజులు చర్చ నడుస్తుంది, ఆమె కట్టిన చీర మొదలుకొని ఫోన్లో మాట్లాడిన నిమిషాల దాకా లెక్క తేలుతుంది. అరుదైనది కాబట్టే వార్త అయిన దానిని, వార్త అయింది కాబట్టి తరచుగా జరుగుతోందని మనం తిరగేసి చదువుకుంటున్నాం.

మీ మిత్రుల వాదం కొత్తది కాదు. 1893లో ఇటలీకి చెందిన నేరశాస్త్రవేత్త లాంబ్రోసో, తరువాత తనకు అల్లుడైన ఫెరెరోతో కలిసి స్త్రీ నేరస్థుల పుర్రెలు, దవడలు కొలిచి, నేరం చేసే స్త్రీ అసలు స్త్రీలాగే ఉండదని, మగపోలికలు గల వికృత సృష్టి అని రాశాడు. 1950లో ఒట్టో పొలాక్ అనే అమెరికా పండితుడు ఇంకో దారి పట్టి, స్త్రీలు నిజానికి పురుషులతో సమానంగానే నేరాలు చేస్తారు గాని పుట్టుకతో వచ్చిన కపటం వల్ల వంటింట్లోనే దాచేస్తారని వాదించాడు. ఒకరిది కొలబద్ద, ఇంకొకరిది ఊహ. 1975లో ఫ్రీడా ఆడ్లర్ అనే పరిశోధకురాలు సమానత్వం పెరిగేకొద్దీ స్త్రీల నేరాలు కూడా పురుషుల నేరాల స్థాయికి చేరుతాయని చెప్పినప్పుడు అమెరికాలో మీ మిత్రుల వంటి వారందరూ తలలూపారు. తరువాతి పరిశోధకులు అక్కడ అరెస్టవుతున్న స్త్రీలు ఎవరని ఆరా తీస్తే, తేలినవారు పెద్ద ఉద్యోగినులు కారు. దుకాణాలలో చిల్లర దొంగతనాలు, చెల్లని చెక్కులు, చిన్నచిన్న మోసాల కేసుల్లో ఇరుక్కున్న పేద స్త్రీలు, వారిలో చాలామంది ఒంటరిగా పిల్లలను పెంచుకుంటున్న తల్లులు. ఇరవై ఏళ్లుగా క్రిమినల్ కోర్టుల చుట్టూ తిరుగుతున్న నాకు ఇక్కడ కనిపించేది కూడా అదే. స్త్రీ నేరానికి దారి ఎక్కువగా ఆమె ఇంటి గడప నుంచి, ఆ ఇంట్లోని మగవాడి అప్పు నుంచి, తాగుడు నుంచి, వ్యాపారం నుంచి మొదలవుతుంది. స్వేచ్ఛ దొరికి దారి తప్పిన స్త్రీ కంటె, స్వేచ్ఛ లేక ఇరుక్కుపోయిన స్త్రీయే బోనులో ఎక్కువగా నిలబడుతుంది. కింద వచ్చే ఉత్తరాలు చూస్తే మీకే తెలుస్తుంది.

నేను హెడ్‌ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేశాను. ఆడవాళ్లంటే చట్టానికి జాలి ఎక్కువ. రాత్రిపూట అరెస్టు చేయకూడదు, స్టేషన్‌కు పిలవకూడదు, బెయిలు త్వరగా వస్తుంది. నేరానికి ఆడ మగ తేడా ఉండాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

అయ్యా, మీరు చెప్పిన నిబంధనలన్నీ ఉన్నవే. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయవలసిన అసాధారణ పరిస్థితి వస్తే, మహిళా పోలీసు అధికారి మెజిస్ట్రేటు అనుమతి ముందుగా తీసుకోవాలి. ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2005లో వచ్చిన సవరణ, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 43వ సెక్షన్‌గా కొనసాగుతోంది. సాక్షిగా విచారించాలన్నా స్త్రీ ఉన్న చోటికే పోలీసులు వెళ్లాలి. అయితే ఈ నిబంధనలు జాలి వల్ల పుట్టలేదు. బొంబాయి లాకప్పులో ఉన్న స్త్రీల గోడును ఒక మహిళా జర్నలిస్టు ఉత్తరంగా రాస్తే, 1983లో సుప్రీంకోర్టు స్త్రీలకు విడి లాకప్పులు, వాటికి మహిళా కానిస్టేబుళ్ల కాపలా ఉండాలని ఆదేశించింది. ఆ గోడులో ముఖ్యమైనది లాకప్పులో జరిగిన దౌర్జన్యమే. మీ శాఖలో పనిచేసిన అనుభవం ఉన్న మీకు అంతకంటె వివరించనక్కరలేదు.

బెయిలు విషయానికి వస్తే, తీవ్ర నేరాలలో కూడా స్త్రీ అయినందువల్ల బెయిలు ఇచ్చే విచక్షణ కోర్టుకు ఉంది గాని, అది హక్కు కాదు. 2022 చివర జైళ్లలో ఉన్న స్త్రీలలో నలుగురికి ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. బెయిలు ‘త్వరగా వస్తుంది’ అనేది నిజమైతే ఈ లెక్క ఇలా ఉండదు. కోర్టు బెయిలు ఇచ్చినా, జామీనుదారుగా నిలబడేందుకు పొలం పాస్‌బుక్కో ఇంటి పన్ను రసీదో ఉన్న మనిషి రావాలి. ఆమె పేరున ఆస్తి ఉండదు, ఆస్తి ఉన్న అన్నదమ్ములు పరువు పోతుందని రారు. మగవాడు జైలుకు వెళితే ములాఖత్ రోజున భార్యో తల్లో చంటిపిల్లను చంకనేసుకుని వరుసలో నిలబడుతుంది. మహిళా జైలు ముందు ఆ వరుస చాలా చిన్నది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ‘జాలి’ అనే తలంపుతో పెట్టిన మినహాయింపు ఏ స్త్రీకి వర్తిస్తుందో నిర్ణయించే చోట సమాజపు లెక్కలు దూరిపోతాయి. మనీ లాండరింగ్ చట్టంలో బెయిలు షరతులు చాలా కఠినంగా ఉన్నా, స్త్రీలకు వాటి నుంచి సడలింపు ఇవ్వవచ్చని 45వ సెక్షన్‌లో ఉంది. 2024లో కల్వకుంట్ల కవిత బెయిలు కోరినప్పుడు, ఆమె ఉన్నత విద్యావంతురాలని, నిస్సహాయురాలు కాదని చెప్పి ఢిల్లీ హైకోర్టు ఆ సడలింపును నిరాకరించింది. ఆగస్టు 27న సుప్రీంకోర్టు దానిని తప్పుపట్టి బెయిలు ఇచ్చింది. ఆ కేసు మంచిచెడ్డలు మనకు ఇక్కడ అవసరం లేదు. చట్టం ‘స్త్రీ’ అని రాస్తే, హైకోర్టు ‘అమాయకురాలైన స్త్రీ’ అని చదివింది. తలవంచుకుని ఏడ్చే స్త్రీకి జాలి, తలెత్తి మాట్లాడే స్త్రీకి రెట్టింపు కోపం అన్న రివాజు కింది కోర్టుల వరండాలలో నేను రోజూ చూస్తున్నదే.

జాలి మాట ఎత్తారు కనుక ఇది కూడా చూడండి. భర్త, అతని బంధువుల క్రూరత్వానికి సంబంధించిన పాత శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ కింద 2012 ఒక్క సంవత్సరంలో 1,97,762 మందిని అరెస్టు చేశారని, వారిలో దాదాపు నాలుగో వంతు, అంటే 47,951 మంది స్త్రీలేనని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసు తీర్పులో ప్రస్తావించింది. అత్తలు, ఆడపడుచులు అన్నమాట. వారిలో కోడలిని నిజంగా హింసించినవారు ఉన్నారు, ఎఫ్‌ఐఆర్‌లో ఏ3, ఏ4 అని వరుస నింపడానికి మాత్రమే పేరు చేరినవారూ ఉన్నారు. ఇద్దరినీ విడదీసి చూసే ఓపిక దర్యాప్తుకు ఉండాలి. తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, నిర్దిష్టమైన ఆరోపణ ఏదీ లేకుండా కుటుంబ సభ్యులందరినీ కేసులోకి లాగడాన్ని మొదట్లోనే అడ్డుకోవాలని మళ్లీ చెప్పవలసి వచ్చింది.

మాది పాడేరు దగ్గర ఒక పల్లె. మా పిన్ని కూతురు రెండు సంచులతో రైలు ఎక్కుతుండగా పట్టుకున్నారు. 22 కిలోల గంజాయి అన్నారు. హైదరాబాదులో ఒకరికి అందిస్తే డబ్బులిస్తామని తెలిసినవాళ్లే పంపారు. సంచుల్లో ఏముందో తనకు తెలియదంటోంది. నాలుగు నెలలుగా జైల్లో ఉంది, బెయిలు రెండుసార్లు కొట్టేశారు. పంపినవాళ్లు హాయిగా తిరుగుతున్నారు. లాయరు ఫీజుకు కూడా మా దగ్గర డబ్బు లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

తమ్ముడూ, మీ చెల్లెలి కేసు నాకు వచ్చే ఉత్తరాలలో మొదటిది కాదు. సరుకు యజమాని చెక్‌పోస్టు దరిదాపులకు కూడా రాడు. ఆడమనిషి, పక్కన పిల్ల, చేతిలో బట్టల సంచి ఉంటే అనుమానించరనే లెక్కతోనే స్త్రీలను ఈ పనికి పెడతారు. పట్టుబడితే పోయేది ఆమె ఒక్కతే. వెనుక ఉన్నవాళ్ల పేర్లు ఆమెకు తెలిసినా చెప్పలేకపోతుంది, ఎందుకంటే తిరిగి వెళ్లవలసింది అదే ఊరికి.

చట్టం ఏమంటుందో ముందు తెలుసుకోండి. మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం, శిక్ష ఏడాది దాకా. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, తక్కువలో తక్కువ పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా కూడా వేయవచ్చు, పైగా కనీసం లక్ష రూపాయల జరిమానా. వాణిజ్య పరిమాణం అయితే 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. నిందితురాలు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని కోర్టుకు అనిపిస్తే తప్ప బెయిలు ఇవ్వకూడదు. పైన చెప్పిన మనీ లాండరింగ్ చట్టంలో స్త్రీకి ఉన్న సడలింపు ఈ సెక్షన్‌లో లేదు. కోట్ల రూపాయల కేసులో ఉన్న వెసులుబాటు సంచి మోసిన కూలి మనిషికి ఎందుకు లేదో పార్లమెంటును అడగవలసిందే. ‘ఏముందో తెలియదు’ అనే మాట కూడా ఊరికే సరిపోదు. ఈ చట్టం 35వ సెక్షన్ ప్రకారం తెలిసే చేసిందని కోర్టు ముందుగా భావిస్తుంది, తెలియదని రుజువు చేసుకోవలసిన భారం ఆమె మీదనే పడుతుంది.

అయినా దారులు మూసుకుపోలేదు. మీ కేసులో అసలు విషయం బరువు. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కిందికి రావు. 22 కిలోలు తూచినప్పుడు సంచులు, ప్యాకింగు బరువు తీసివేశారా, ఆకులు, కాడలు విడిగా ఉన్నాయా, 52ఎ సెక్షన్ చెప్పినట్లు మెజిస్ట్రేటు సమక్షంలో నమూనాలు తీశారా అన్నది పంచనామా చదివి చూడాలి. 20 కిలోల కిందికి వస్తే 37వ సెక్షన్ అడ్డు తొలగిపోతుంది. స్త్రీని తనిఖీ చేయవలసింది స్త్రీయే అన్న నిబంధన ఒంటి తనిఖీకి వర్తిస్తుంది, అయితే చేతిలోని సంచిని వెతకడానికి 50వ సెక్షన్ రక్షణలు వర్తించవని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది కనుక ఆ వాదన మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఇటువంటి కేసులో చార్జిషీటుకు గడువు 180 రోజులు. ప్రాసిక్యూటర్ నివేదిక మీద కోర్టు పొడిగించకుండా ఆ గడువు దాటితే, చార్జిషీటు పడేలోపే దరఖాస్తు పెడితే బెయిలు హక్కుగా వస్తుంది. ఆ తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. విచారణ ఏళ్ల తరబడి సాగితే ఆ జాప్యమే బెయిలుకు కారణం కావచ్చని 2023లో ఒక గంజాయి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

లాయరు ఫీజు గురించి రాశారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, ఎస్టీ అయినా అదే హక్కు. జైలు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు, లేదా మీరు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పంపినవారి వివరాలు చెప్పాలా వద్దా అన్నది మాత్రం లాయరుతో మాట్లాడకుండా, పోలీసుల ఒత్తిడి మీద తీసుకునే నిర్ణయం కాకూడదు.

మా ఆయన నా పేరున ఖాతా తెరిచి, చెక్కుల మీద నాచేత సంతకాలు చేయించుకుని వ్యాపారానికి వాడుకున్నారు. ఇప్పుడు చెక్ బౌన్స్ కేసులో ముద్దాయిని నేను, ఆయన కాదు. భర్త చెప్పినట్లు చేసినందుకు నాకు శిక్షా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

అమ్మా, చేదు మాటే చెప్పాలి. ఖాతా మీది, సంతకం మీది అయినప్పుడు, చెక్ బౌన్స్‌ను నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద బాధ్యత మీదే. ఉమ్మడి ఖాతా అయి, సంతకం ఆయన ఒక్కరిదే అయి ఉంటే మీ మీద కేసు నిలవదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, కాని మీ పరిస్థితి దానికి తలకిందులుగా ఉంది. భర్త మాట జవదాటలేకపోవడం మన చట్టంలో మినహాయింపు కాదు. అక్కడికక్కడ ప్రాణం పోతుందన్న బెదిరింపు ఉంటేనే బలవంతం అనే రక్షణ వర్తిస్తుంది. ఈ నేరం రాజీపడదగినది కనుక సొమ్ము చెల్లింపు మీద లోక్ అదాలత్‌లో తేల్చుకోవడం మేలు. మిగిలిన ఖాళీ చెక్కులను చెల్లించవద్దని బ్యాంకుకు ఈ రోజే రాసి ఇవ్వండి, అయితే ఇప్పటికే ఎవరి చేతికైనా అప్పుకింద ఇచ్చిన చెక్కును అలా ఆపినా కేసు తప్పదని గుర్తుంచుకోండి.

ఏళ్ల తరబడి తాగి కొట్టిన భర్తను, అతను నిద్రపోతుండగా చంపిన భార్యకు చట్టం హత్యానేరమే వేస్తుందా? ఇంగ్లండులో అలా చంపిన ఒక పంజాబీ స్త్రీని విడుదల చేశారని విన్నాను.
– డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

మీరు విన్నది కిరణ్‌జిత్ అహ్లువాలియా గురించి. పదేళ్ల హింస తరువాత 1989లో ఆమె నిద్రపోతున్న భర్తకు నిప్పంటించింది. మొదట యావజ్జీవ శిక్ష పడింది, 1992లో అప్పీలు కోర్టు తిరిగి విచారణకు ఆదేశించడంతో అది హత్య కాని నరహత్యగా మారి, అప్పటికే అనుభవించిన శిక్షతో ఆమె బయటికి వచ్చింది.

మన చట్టంలో హత్యానేరాన్ని తగ్గించే మొదటి మినహాయింపు ‘తీవ్రమైన, ఆకస్మికమైన’ ప్రేరేపణ, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 101వ సెక్షన్. ఆ ‘ఆకస్మికమైన’ అనే మాటలోనే ఉంది తిరకాసు. కోపం వచ్చిన మరుక్షణం కొట్టగలిగిన బలం ఉన్నవాడిని, అంటే మగవాడిని, ఊహించుకుని రాసిన మాట అది. బలం తక్కువైన మనిషి ఎదురు తిరిగితే చచ్చేది తానేనని తెలిసి, ఏళ్లు సహించి, అతను నిద్రపోయేదాకా ఆగుతుంది. ఆ ఆగడాన్నే ప్రాసిక్యూషన్ ‘పథకం ప్రకారం’ అంటుంది. భార్య ప్రియుడిని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో 1961లో సుప్రీంకోర్టు, విషయం తెలిసిన క్షణానికి, కాల్పులకు మధ్య మూడు గంటల వ్యవధి ఉన్నందున అతనికి ఈ మినహాయింపు ఇవ్వలేదు గాని, మృతుడి మునుపటి చర్యల వల్ల ఏర్పడిన మనోస్థితిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని అదే తీర్పులో అన్నది. 1989లో మద్రాసు హైకోర్టు ఆ మాటనే ముందుకు తీసుకువెళ్లింది. భర్త పెట్టే బాధలు పడలేక బిడ్డలతో బావిలో దూకి, బిడ్డలు పోయి తాను బతికిన ఒక తల్లి కేసులో, తమిళ జానపద గాథలో ఇలాగే బిడ్డలతో బావి పాలైన నల్లతంగాళ్ పేరు తలచుకుని, ఒక్కసారిగా కాక ఏళ్ల తరబడి సాగిన ప్రేరేపణ కూడా ప్రేరేపణేనని గుర్తించింది. అయితే ఇది ఇంకా చట్టంలోకి ఎక్కలేదు. మీరు అడిగినటువంటి కేసులో ఆమెకు ఎంత శిక్ష పడుతుందన్నది, పాత దెబ్బల ఆసుపత్రి చీటీలు, గతంలో స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదులు, ఇరుగుపొరుగు సాక్ష్యం ఆమె లాయరు కోర్టు ముందు పెట్టగలిగాడా అన్న దానిమీద ఆధారపడుతోంది. చాలా ఇళ్లలో ఆ చీటీల మీద ‘మెట్ల మీంచి పడింది’ అని రాసి ఉంటుంది, చెప్పించినవాడు పక్కనే నిలబడి ఉంటాడు కనుక.

నా కోడలు ఒక కేసులో రిమాండులో ఉంది. నాలుగేళ్ల మనవడు తల్లితోపాటే జైల్లో ఉన్నాడు. కొడుకు పట్టించుకోడు. నా పేరున ఇల్లు ఉంది. పిల్లవాడు నేరస్థుడిగా లెక్కవుతాడా? నేను తెచ్చుకోవచ్చా?
– ఒక నానమ్మ, కడప

అమ్మా, మీ మనవడి మీద ఏ మచ్చా పడదు. దేశం మొత్తానికి ఈ విషయంలో దారి చూపిన తీర్పు మన రాష్ట్రం పేరుతోనే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు, తల్లితో జైలులో ఉన్న బిడ్డను ఖైదీగా చూడకూడదని, తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట ఆ బిడ్డకు హక్కు అని చెప్పింది. జైలులో ఉండగా కాన్పు వస్తే వీలైనంత వరకు బయటి ఆసుపత్రిలోనే జరగాలని, జనన ధ్రువపత్రంలో జైలు పేరు రాయకూడదని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఆరేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. 2022 చివర దేశవ్యాప్తంగా 1,537 మంది తల్లుల దగ్గర 1,764 మంది పిల్లలు ఇలా ఉన్నారు.

తల్లి ఇష్టపడితే ఆరేళ్లకు ముందే మీరు తెచ్చుకోవచ్చు. మీ కోడలి చేత జైలు సూపరింటెండెంటుకు దరఖాస్తు పెట్టించి, మీ ఆధార్ కార్డు, మనవడితో బంధుత్వం చూపే కాగితం జతచేయండి. జిల్లా బాలల సంక్షేమ సమితిని కూడా కలవండి. అయితే ఒక్క మాట, నాలుగేళ్లవాడిని తల్లి నుంచి ఒక్కసారిగా విడదీయకండి. ముందు రెండు మూడు ములాఖత్‌లకు వెళ్లి మీరు వాడికి అలవాటు కండి, తెచ్చుకున్నాక వారానికోసారైనా తీసుకువెళ్లి తల్లిని చూపించండి. బిడ్డను తెచ్చుకునే దరఖాస్తుతోపాటే కోడలి బెయిలుకు జామీనుదారులుగా ఇద్దరిని వెతకండి. మీ పేరున ఇల్లు ఉందని ఉత్తరంలో రాశారు కనుక, ఆ ఇద్దరిలో ఒకరు మీరే కావచ్చు.